పిట్టల్ని పిలిచిన చెక్కబాతులు

"ఒక బాతు రోజుకి ఎంత తింటుందంటారు?" అని మొన్న ఒక చెరువు లీజుదారు నన్ను అడిగాడు. పిట్టలు తిన్న చేపపిల్లల్ని కూడా నష్టం కింద చూపించాలని ఆయన ఉద్దేశం. దూరంగా గట్టు మూల నాలుగైదు బాతులు నీళ్ళమీద ఉన్నాయి. అవి గడ్డిగింజలు, నాచు తినే రకమని చెప్పబోయి ఊరుకున్నాను. ఎండ ఎక్కువగా ఉంది. ఈమధ్య ఏదైనా వివరంగా చెప్పాలంటే ఓపిక ఉండటం లేదు. "చూసి చెబుతానండి" అని బండెక్కి వచ్చేశాను.

నా పని చేపల చెరువుల లెక్కలు చూడటం. పొడవు, వెడల్పు, లోతు చెబితే అందులో ఎంత నీరు పడుతుందో, ఎంత పిల్ల వెయ్యాలో, ఎంత సున్నం చల్లాలో చెబుతాను. ఏ కాలేజీలోనూ నేర్చుకున్నది కాదు. గట్ల మీద తిరిగి, తప్పులు చేసి, దిద్దుకుని పట్టుకున్న విద్య. చాలా ఏళ్ళుగా చేస్తున్నాను. లెక్క తప్పడం లేదు గానీ, లెక్క కుదిరినప్పుడు వచ్చే సంతోషం ఎప్పుడో పోయింది.

ఇంటికి వస్తుంటే ఆ ప్రశ్న వెంటే వచ్చింది. ఇప్పుడు ఆ చెరువు ఉన్నచోటే ఒకప్పుడు మడుగు ఉండేది. అందులోకి పిట్టల్ని ఎలా దింపాలా అని ఒక ఏడాది మా ఇంటిల్లిపాదీ తల పట్టుకుని కూర్చున్నాం. అప్పటికి నేను బడిలో రెండంకెల గుణకారాల దగ్గర ఉన్నాను.

ఆ మడుగు కొల్లేటి అంచున ఉన్న పల్లం. వానలకి నిండి, ఎండాకాలానికి మోకాలిలోతుకి దిగేది. చుట్టూ జమ్ము, తుంగ. మధ్యలో తేటనీరు. చలి మొదలవగానే ఎక్కడెక్కడినుంచో బాతులు వచ్చి దిగేవి. సూదితోకలు, పరజలు, ఈలవేసే చిలువలు. కాగితాల మీద ఆ పల్లం కామందుగారిది. నీళ్ళమీద మాత్రం మా తాతది. ఏ మూల ఎంత లోతో గెడ వెయ్యకుండా చెప్పేవాడు. కామందుగారింటికి చుట్టాలు వస్తే తాటిదోనె మీద వాళ్ళని వేటకి తీసుకెళ్ళేవాడు. అప్పట్లో పిట్టల వేట మీద ఇప్పుడున్నంత పట్టింపు లేదు. ఆ పని చేస్తున్నందుకు మేం మడుగులో చేపలు పట్టుకునేవాళ్ళం, దాని ఒడ్డునే ఇల్లు వేసుకుని ఉండేవాళ్ళం.

తాత దగ్గర దీమం బాతులు ఉండేవి. బూరుగు కర్రతో చెక్కి, రంగులు వేసిన చెక్కబాతులు. వాటిని నీళ్ళమీద వదిలితే, పైన ఎగిరే పిట్టలు తమవాళ్ళు కింద మేస్తున్నారనుకుని దిగుతాయి. తాతవాళ్ళ నాన్న చెక్కినవట. ఏడాదికోసారి పనికొచ్చే ఆ బాతుల్ని మిగతా కాలమంతా అటక మీద గోనెసంచుల్లో, ఊకలో పెట్టి దాచేవాడు.

ఆ ఏడు వానలకి ముందు తాతకి కుడిచెయ్యి పడిపోయింది. మాట బాగానే ఉంది, నడక బాగానే ఉంది. చెయ్యి మాత్రం భుజం నుంచి వేలాడేది. బయటికి వెళ్ళేటప్పుడు తువ్వాలుని ఆ చేతి మీదకి దించుకునేవాడు. కామందుగారికి ఈ సంగతి తెలియకూడదని ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పాడు. ఒంటిచేతి మనిషిని దోనె మీద ఎవరు పెట్టుకుంటారని ఆయన భయం.

దసరా వెళ్ళాక ఒక పొద్దున్న కామందుగారు జీపులో వచ్చారు. గట్టు దిగకుండా అక్కడినుంచే మాట్లాడారు.

"ఏమయ్యా పెద్దాయనా, చుట్టుపక్కల అందరూ చేపల చెరువులు తవ్విస్తున్నారు. ఈ పల్లం ఊరికే పడుందని మా ఇంట్లో ఒకటే పోరు."

"ఊరికే ఎక్కడుందండి బాబుగారూ? పిట్టలొస్తాయి కదండీ."

"ఏవయ్యా పిట్టలు? పోయినేడు మా బావగారిని తీసుకొస్తే తుంగ చూపించి పంపించావు."

"పోయినేడు దీమాలు పాడైపోయాయండి. ఈ ఏడు చూడండి. ఆకాశం కనపడదండి."

కామందుగారు నవ్వారు. మంచి మనిషే. "సరే అయితే. కార్తీకంలో రాజమండ్రి నుంచి ఒకాయన్ని తీసుకొస్తాను. పిట్టలు దిగితే మడుగు ఇలాగే ఉంచేద్దాం. దిగకపోతే ఇంక నన్నేమీ అనకు."

"ఆయ్. అలాగేనండి."

జీపు వెళ్ళాక మామ్మ గుమ్మంలోంచి అంది: "ఆకాశం కనపడదా! సంచుల్లో ఉన్నవి సగం ఎలకలు తినేశాయి. బాగుచేసేదెవరు? చెయ్యెక్కడుంది?"

తాత అరుగు మీద ఉన్న మా ముగ్గురి వైపూ చూశాడు. మా అక్క, నేను, చిన్నాన్న కొడుకు బుడ్డోడు. "ఇవిగో," అన్నాడు, "ఆరు చేతులు."

సంచులు దించి విప్పితే బూజు, ఊక, పాత చేపనూనె కలిసిన వాసన గుప్పుమంది. బాతులు దయనీయంగా ఉన్నాయి. కొన్నింటికి ముక్కులు లేవు. కొన్నింటికి మెడ ఊడింది. ఒకదాని వీపు మీద చెద నదులు గీసినట్టు దారులు తీసింది. బుడ్డోడు ఆ చెదబాతుని ఒళ్ళో పెట్టుకుని ఎవరికీ ఇవ్వనన్నాడు.

ముందు పాతరంగు గీకాలి. దానికి ఆల్చిప్పలు. మడుగులోంచి ఏరుకొచ్చిన ఆల్చిప్ప అంచుతో గీకితే పొట్టు పొరలు పొరలుగా లేచేది. ఒక రంగు కింద ఇంకో రంగు, దాని కింద మరొకటి. పొరల్ని బట్టి అవి ఎన్నిసార్లు రంగు వేయించుకున్నాయో నేను లెక్కగట్టి చెబితే తాత ఒప్పుకున్నాడు గానీ అక్క ఒప్పుకోలేదు. "గీకరా, లెక్కలాపి," అంది. అక్క మాకంటే పెద్దది, అజమాయిషీ అంతా దానిదే.

పగుళ్ళకి చింతపిక్కల బంక, రంపపు పొట్టు. పిక్కల్ని వేయించి, పైపొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి ఉడకబెడితే బంక వస్తుంది. ఆ వేయించడం దగ్గరే మా పాపం పండింది. వేగిన చింతపిక్క వాసన ఎలాంటిదో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. బుగ్గన ఒకటి పెట్టుకుంటే పూటంతా నానుతుంది. మామ్మ రోలు దగ్గరకి వచ్చేసరికి చేటలో పిక్కలు అడుక్కి పోయాయి.

"ఏవర్రా, బంక బాతులకా, మీ పొట్టలకా?"

"బుడ్డోడు తిన్నాడు మామ్మా," అంది అక్క, బుగ్గలోది దాచుకుంటూ.

"నోట్లో ఉన్నవి ఉమ్మండి. బంకకి పనికొస్తాయి. ఎలాగూ నానాయిగా!" అన్నాడు తాత. మామ్మ ఆయన్ని చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

బంక ఎండాక, నీరు పట్టకుండా గుగ్గిలం పూత. దోనెలకి పూసేదే. గుగ్గిలం నూనెలో కరిగే గిన్నె ఒక పొయ్యి మీద, కొరమేను పులుసు పక్క పొయ్యి మీద. ఆ రోజుల్లో ఏ ముద్ద నోట్లో పెట్టుకున్నా గుగ్గిలం వాసనే. పులుసులో చింతపండు ఎంత వేశావని చిన్నాన్న ఒకరోజు మామ్మని అడిగితే, "పులుసులో తక్కువే, బాతుల్లోనే ఎక్కువ" అంది.

నాకు అప్పగించిన పని బరువులు. చెక్కబాతు దానంతట అది సరిగ్గా తేలదు. తల బరువైతే ముక్కు ముంచుతుంది, తోక బరువైతే ఎగదన్నుతుంది. కడుపు కింద సీసపు ముక్క బిగించి సరిచెయ్యాలి. పాత వల నుంచి కోసిన సీసపు గుళ్ళు ఒక డబ్బాలో ఉండేవి. పెరట్లో గేదె తాగే కుడితి గోలెంలో బాతుని వదిలి, గుండుని ముందుకీ వెనక్కీ జరుపుతూ చూసేవాణ్ణి. రోజుల తరబడి అదే పని. గుండు మధ్యకి సగం దగ్గరైతే రెట్టింపు బరువు కావాలని ఆ గోలెం దగ్గరే కనిపెట్టాను. ఎవరూ చెప్పలేదు. ఆ సంగతి పుస్తకాల్లో ఉందని చాలా ఏళ్ళ తర్వాత తెలిసి కొంచెం చిన్నబుచ్చుకున్నాను. నా జీవితంలో మొదటి లెక్క అది. అంత ఇష్టంగా ఇంకేదీ చెయ్యలేదేమో.

ఒక మధ్యాహ్నం మా గేదె వచ్చి గోలెంలో మూతి పెట్టింది. ఎదురుగా బాతు తేలుతూ కళ్ళలోకి చూసేసరికి బెదిరి, పలుపు తెంపుకుని ఆనపపాదులోకి పరిగెత్తింది. మామ్మ కేకలు. తాత మాత్రం అరుగు మీద కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. "గేదె నమ్మిందిరా! ఇంక పిట్ట నమ్మకపోతుందా?"

రంగులు అక్క పని. రేవులో లాంచీకి వేయగా మిగిలిన ఎనామిల్ రంగు డబ్బాలు చిన్నాన్న తెచ్చాడు. అక్క ఒక బాతుకి వేసి ఎండలో పెడితే అద్దంలా మెరిసింది. మేం చప్పట్లు కొట్టాం. తాత దాన్ని ఎడమచేత్తో తిప్పి తిప్పి చూశాడు.

"బాగుందమ్మా. పెళ్ళికి తీసుకెళ్ళొచ్చు. పిట్టకి మెరుపు కనపడితే అటు వైపే రాదు. ఈక మెరవదు కదే."

పిడకల బూడిద పట్టించి రుద్దించాడు. అక్క ఏడుస్తూ రుద్దింది. తర్వాత నుంచి మసి, సున్నం, జేగురు కలిపి చప్పిడి రంగులు తయారుచేసింది. వారం తిరిగేసరికి తాత కంటే బాగా వేస్తోందని ఊళ్ళో వాళ్ళు వచ్చి చూసి వెళ్ళడం మొదలుపెట్టారు. అరుగు మీద బాతులు బారులుగా ఆరుతుంటే దారినపోయేవాళ్ళు ఆగేవాళ్ళు.

ఒక ఉదయం చూస్తే ప్రతి బాతు బుగ్గమీదా చిన్న నల్లచుక్క.

"ఏంటే ఇది?" అన్నాడు తాత.

"దిష్టిచుక్క తాతా. ఊరందరి కళ్ళూ వీటిమీదే ఉన్నాయి."

"పిచ్చిపిల్లా! చూపు పడాలనే కదే వీటిని చేసేది. వీటికి దిష్టి తగలకపోతే మన పని ఆఖరు."

"ఉండనీండి," అంది మామ్మ లోపల్నుంచి. "పిల్ల ముచ్చటపడి పెట్టింది. పిట్టలు చుక్కలు లెక్కపెట్టి దిగుతాయా ఏంటి?" చుక్కలు ఉండిపోయాయి.

కార్తీకం వచ్చింది. ఎవరో పిలిచినట్టు ఒక తెల్లవారుజామున మడుగు మీద ఈలలు వినిపించాయి. పిట్టలు దేశం దాటి వచ్చేశాయి. కామందుగారు వచ్చే ముందురోజు మధ్యాహ్నం తాత గట్టున కూర్చుని, నన్నూ చిన్నాన్ననీ దోనె మీద పంపి, బాతుల్ని మడుగులో పెట్టమన్నాడు. ఒక్కో బాతుకి తాడు, తాడు చివర పెంకుముక్క. పెంకు అడుగుకి దిగితే బాతు అక్కడే ఉండి గాలికి తిరుగుతుంటుంది.

నేను ముళ్ళు వేసిన వరినాట్ల తాడు పట్టుకెళ్ళాను. ముడికి ఒక బాతు చొప్పున, వరసకి వరస ఎడం సమానంగా, చక్కగా పెట్టించాను. ఒడ్డుకి వచ్చి చూస్తే నాకే ముచ్చటేసింది. సాయంత్రం పరజల గుంపు ఒకటి వచ్చింది. మడుగు పైన తిరిగింది. మళ్ళీ తిరిగింది. రెక్కలు విదిల్చి దక్షిణానికి వెళ్ళిపోయింది.

తాత ముఖం పాలిపోయింది. తర్వాత నా వరసల్ని చూశాడు.

"ఏంట్రా అది? బడిలో ప్రార్థనా? తిండి దగ్గర ఎవరైనా వరసలో కూర్చుంటార్రా?"

"పెళ్ళిలో కూర్చుంటారుగా," అంది మామ్మ, నన్ను కాపాడదామని.

"అది వడ్డించేవాడి సౌకర్యం. ఈ పిట్టలకి ఎవరు వడ్డిస్తున్నారు?" అని గుప్పెడు గులకరాళ్ళు తీసి ఎడమచేత్తో నేలమీదకి విసిరాడు. "ఇవి ఎలా పడ్డాయో అలా పెట్టు. మధ్యలో ఖాళీ ఉంచు. ఎక్కడ దిగుతాయనుకున్నావ్, నీ నెత్తిమీదా?"

రాళ్ళు పడిన తీరుని బెత్తలతో కొలిచి గుర్తుపెట్టుకుని, చీకటి పడేలోగా అన్నీ మార్చి పెట్టాను. కొలవకుండా చెదరగొట్టడం నాకు అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు.

మర్నాడు మంచు విడవకముందే కామందుగారు, రాజమండ్రి ఆయన వచ్చారు. ఈ కొత్తాయన తెల్లగా, లావుగా, ఎక్కువ మాట్లాడని మనిషి. వస్తూ వస్తూ పిల్లలకని ఆత్రేయపురం పూతరేకుల పొట్లం తెచ్చాడు. నా వాటా నేను జేబులో పెట్టుకుని దోనె ఎక్కాను. రెండు తాటిబొందలు జతకట్టిన పెద్దదోనె అది. తాత ఎడమచేత్తో గెడ పట్టుకుంటే రెండో చెయ్యి నాది.

"కుర్రాడెందుకయ్యా?" అన్నారు కామందుగారు.

"నేర్చుకుంటాడనండి," అన్నాడు తాత, తువ్వాలు సర్దుకుంటూ.

జమ్ములోకి దోనె దూర్చి కూర్చున్నాం. కామందుగారి ఒళ్ళో తుపాకీ. ఎదురుగా తేటనీటి మీద మా బాతులు. గాలికి కొంచెం కొంచెం తిరుగుతున్నాయి. నేను బరువు సరిచేసిన ప్రతిదాన్నీ గుర్తుపడుతున్నాను. ఒక్కటీ ముక్కు ముంచలేదు.

అప్పుడు ఉత్తరం నుంచి వచ్చాయి. ముందు గీతలా, తర్వాత మబ్బులా. పైన ఒక చుట్టు తిరిగి, రెక్కలు బిగబట్టి, కాళ్ళు ముందుకి చాచి, మధ్యలో వదిలిన ఖాళీలోకి జరజరా జారుతూ దిగాయి. వాటి వెనక ఇంకో గుంపు. ఇంకోటి. నీరు కనపడలేదు. మా చెక్కబాతులేవో, ప్రాణమున్నవేవో నేను కూడా మర్చిపోయాను.

కామందుగారు తుపాకీ ఎత్తారు. రాజమండ్రి ఆయన మెల్లగా ఆయన మోచేతి మీద చెయ్యి వేశాడు. "ఆగండి. కాల్చకండి. చూడనివ్వండి."

తాత నా వైపు తిరిగాడు. అంత సంతోషం ఆ ముఖంలో అంతకుముందు గానీ, తర్వాత గానీ చూడలేదు. మంచివాడు దొరికాడురా అన్నట్టు కళ్ళతో చెప్పాడు. నేను పూతరేకు తీసి నోట్లో వేసుకున్నాను.

రాజమండ్రి ఆయన చాలాసేపు పిట్టల్ని చూశాడు. తర్వాత తాత దగ్గర గెడ అడిగి తీసుకుని, నిలువుగా నీళ్ళలోకి దింపాడు. అడుగు తగిలాక బలంగా పొడిచి పైకి లాగాడు. గెడ చివర అంటిన నల్లమట్టిని వేళ్ళతో నలిపి, వాసన చూశాడు.

"బంకమన్నే. నీరు నిలుస్తుంది. ఇన్ని పిట్టలు దిగాయంటే అడుగున మేత పుష్కలంగా ఉన్నట్టు. మొదటి రెండేళ్ళు చేపల మేతకి పెద్దగా ఖర్చు కూడా ఉండదండి. నాకు నచ్చింది. మిగతాది ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

నోట్లో పూతరేకు కరిగిపోతోంది. ఆయన ఏమన్నాడో నాకు అర్థం కాలేదు. తాతకి అర్థమైంది.

"బాబుగారూ," అన్నాడు కామందుగారితో. "పిట్టలు దిగితే ఉంచుతానన్నారు కదండీ."

కామందుగారు ఇబ్బందిగా కదిలారు. "ఉంచుతామయ్యా. నీళ్ళెక్కడికి పోతాయి? లోతు చేసి, చుట్టూ గట్లు వేస్తారు, అంతే. నిన్ను పొమ్మంటామా? గట్టు మీద పాక వేయిస్తాను. నువ్వే కాపలా ఉండు. పిట్టల సంగతి నీకంటే తెలిసినవాడెవడు? అవి చెరువు మీద వాలకుండా చూసుకుంటే చాలు."

బాతులు మేస్తున్న చప్పుడు, వానచినుకుల్లా. తాత ఎడమచేత్తో తువ్వాలు తీసేశాడు. పడిపోయిన చేతిని మణికట్టు దగ్గర పట్టి పైకెత్తి వదిలాడు. అది దోనె అంచుకి తగిలి వేలాడింది.

"నాది ఒంటి చెయ్యండి. కాపలా పనికి రానండి."

వానలకి ముందు నుంచి దాచిన చెయ్యి అది. కామందుగారు దానివైపు చూసి, "అయ్యో, చెప్పలేదేమయ్యా" అన్నారు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. ఎండెక్కాక వాళ్ళు జీపులో వెళ్ళిపోయారు.

సాయంత్రం బాతుల్ని తీసుకురావడానికి తాతా నేనూ వెళ్ళాం. ఎక్కువ పిట్టలు మేసి లేచిపోయాయి. కొన్ని మిగిలాయి. నేను ఒక తాడు పట్టుకుని లాగాను. చెక్కబాతు మా వైపు జరిగింది. దాని పక్కనున్న సూదితోక కూడా దానితో కలిసి జరిగింది. ఇంకొంచెం లాగాను. అదీ ఇంకొంచెం వచ్చింది. చెయ్యి చాపితే అందేంత దగ్గర. ఆడపిట్ట. ముక్కుతో చెక్కబాతు వీపుని ఒకసారి తట్టి, జవాబు రాకపోతే పక్కనే మెడ ముడుచుకుని కూర్చుంది.

"లాగకురా," అన్నాడు తాత.

ఎండ దిగిపోతోంది. తాత ఆ పిట్టనే చూస్తూ కూర్చున్నాడు.

"దానికేం తెలుసురా. పిలిచాం, వచ్చింది," అన్నాడు చివరికి. "వచ్చే ఏడు కూడా ఇదే చోటని వస్తుంది. ఇప్పుడే భయపెట్టి పంపితే మంచిది. నావల్ల కావట్లేదు. నువ్వు పొమ్మను."

"ఎలా తాతా?"

"రెండు చేతులున్నాయిగా. చప్పట్లు కొట్టు."

కొట్టాను. మొదట మెల్లగా. పిట్ట తల తిప్పి చూసింది, లేవలేదు. తాత నీళ్ళవైపు కాకుండా జమ్ము వైపు చూస్తున్నాడు. లేచి నిలబడి, దోనె ఊగుతుంటే, అరచేతులు మండేలా కొట్టాను. అప్పుడు లేచింది. దానితోపాటు మిగిలినవన్నీ లేచాయి. ఒక్కసారిగా మడుగంతా రెక్కల చప్పుడు, నీటితుంపరలు. అవి కొల్లేటి వైపు వెళ్ళేదాకా చప్పట్లు ఆపలేదు. ఎప్పుడు ఆపాలో తాత చెప్పలేదు మరి.

ఎండలు మొదలవగానే తట్టలూ పారలతో మట్టిపనివాళ్ళు దిగారు. కాపలా పని, అప్పటిదాకా పొరుగూళ్ళలో కూలికి తిరిగే మా నాన్న తీసుకున్నాడు. ఆయన తర్వాత నేను; ఆ కాపలా తిరుగుతూనే చెరువుల లెక్కలూ పట్టుకున్నాను. ఇన్నేళ్ళలో మా ఇంట్లో ఎవరూ మళ్ళీ పిట్టని పిలవలేదు. పొమ్మనడమే మా పని అయింది. చలికాలంలో ఎప్పుడైనా నేను గట్టుమీద ఉండగా చూపు ఆనక పిట్టల్ని గుర్తించకపోతే, కుర్రాళ్ళు వచ్చి చెబుతారు, "బాబాయ్, అటుమూల పిట్టలు వాలాయండి" అని. అలాగేనని లేస్తాను.